చెల్లెళ్ల హిస్సా ఏదీ?

మన ఖాందాన్‌లలో చూస్తూనే ఉంటాం. అబ్బా దగ్గర తన హిస్సా కోసం గొంతు చించుకున్న అన్న, చెల్లెళ్ల హిస్సా మాటెత్తితే "సబర్ చెయ్యండి" అంటాడు. పాకిస్తాన్ సూబాలను చూస్తే నాకు ఆ అన్నే యాదికొస్తాడు.

2010 ఏప్రిల్‌లో పీపుల్స్ పార్టీ నడిపిన మిలీజులీ హుకూమత్ 18వ సవరణ తెచ్చింది. మసౌదా రాసింది రజా రబ్బానీ కమిటీ. తన మర్జీతో అసెంబ్లీని బర్ఖాస్త్ చేసే ఇఖ్తియార్ సదర్ చేతిలోంచి పోయింది. ఉమ్మడి జాబితా రద్దయింది. తాలీమ్, సెహత్ సూబాలకు చేరాయి. సరహద్దు సూబాకు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అనే సొంత పేరు దక్కింది. ముబారక్! మర్కజ్ బలంగా ఉంటేనే ముల్క్ నిలుస్తుందనే సాహెబులు 1971 మరిచిపోయారా? హక్ ఇచ్చినందుకు కాదు, ఇవ్వనందుకే అది రెండు ముక్కలైంది.

మరి అదే ఆయీన్‌లోని 140ఎ సంగతేంటి? సూబాలు తమ కిందున్న స్థానిక ప్రభుత్వాలకు సియాసీ, మాలీ, ఇంతెజామీ అధికారాలు పంచాలని రాసుంది. పంజాబ్, సింధ్ ఐదేళ్లు ఎన్నికలే పెట్టలేదు. సుప్రీంకోర్టు వెంటపడితే 2015లో పెట్టాయి. ఇస్లామాబాద్ తొక్కిపెడితే జుల్మ్, లాహోర్, కరాచీ తొక్కిపెడితే ఇంతెజామా?

హిస్సా అడిగిన నోటికి, హిస్సా ఇచ్చే చెయ్యి కూడా ఉండాలి. లేకుంటే అది ఇన్సాఫ్ కాదు, మాలిక్ మారడమే.