రేసైతే చూసినం.. పనేది?

షిఫ్టు బస్సుల కోసం నిలబడ్డ కాడ మా ఇంద్రేశంల ముచ్చట్లు రెండే: ప్లాట్ల రేట్లు, కంపెనీల కొలువులు. మొన్న ఒక సీఎన్‌సీ ఆపరేటర్ తమ్ముడు అడిగిండు, "అన్నా, అన్ని కరెంటు బండ్లే అయితే ఇంజిన్ పార్టులు చేసే మా పని ఉంటదా?" అని.

జవాబు కొంత రేసు ఇంజిన్లల్ల ఉన్నది. 2014ల ఫార్ములా వన్ 2.4 లీటర్ల వీ8ను పక్కకు పెట్టి 1.6 లీటర్ల వీ6 టర్బో హైబ్రిడ్‌ను తెచ్చింది. టర్బో అంటే మన డీజిల్ లారీలల్ల ఉండేదే. సైలెన్సర్ దిక్కు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతది, అదే ఇరుసుకున్న ఇంకో చక్రం గాలిని ఒత్తి ఇంజిన్లకు తోలుతది. ఆ ఇరుసుకే ఒక మోటర్ కట్టిన్రు. దాని పేరు ఎంజీయూ-హెచ్. పొగ జోరున్నప్పుడు కరెంటు పుట్టిస్తది, తగ్గినప్పుడు చక్రాన్ని తనే తిప్పుతది. ఎంజీయూ-కే అనే ఇంకో మోటర్ బ్రేకు కొట్టినప్పుడు వృథాగ పోయే శక్తిని బ్యాటరీకి పంపుతది. 2017ల మెర్సిడెస్ టెస్ట్ బెంచ్ మీద పెట్రోలు శక్తిల సగానికి పైన పనికి మళ్లించి చూపెట్టింది.

గింత తెలివైన ఎంజీయూ-హెచ్‌ను 2026 రూల్స్‌ల తీసేసిన్రు. ఖర్చెక్కువ, రోడ్డు కార్లకు పెద్దగ ఎక్కలే. ఎంజీయూ-కేను మాత్రం 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచిన్రు. బయట పనికొచ్చేదే మిగిలిందన్నట్టు.

మరి మనకేం మిగిలింది? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. గా కార్లకు వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే ఉండయి, మోటరే ఆపుతది. 2024 రేసు రద్దయింది, పైసల మీద ఏసీబీ కేసు నడిచింది. తప్పెవలిదో కోర్టు తేల్చాలె. నేనడిగేది వేరే. పాశమైలారం షెడ్లల్ల ఒక్క పోరనికన్న ఆ మోటర్ విప్పి చూసే మోక దొరికిందా?

సరుకు మన దగ్గర్నే ఉన్నది. కంచన్‌బాగ్ మిధానిల గట్టి వేడిని తట్టుకునే సూపర్ అల్లాయ్‌లు తయారైతయి. కందిల ఐఐటీ ఉన్నది. మన జిల్లా జహీరాబాద్‌ల ట్రాక్టర్లు చేసే మహీంద్రా, ఫార్ములా ఈల మొదటి సీజన్ నుంచి ఉరుకుతున్నది. గీ మూడింటిని కలిపి పిలగాండ్లకు పని నేర్పే పెద్దమనిషే కావాలె.

తమ్మునికి నేను చెప్పింది గిది: హైబ్రిడ్‌ల ఇంజిన్ ఉంటది, కొన్నిట్ల టర్బో ఉంటది, మోటర్ షాఫ్టు, గేర్లు సీఎన్‌సీ మీదనే తయారైతయి. అచ్చంగ కరెంటు బండైతే పిస్టన్ల పని పోతది. అబద్ధం చెప్పలే. సర్కారు టాటా టెక్నాలజీస్‌తోని కలిసి 65 ఐటీఐలను ఏటీసీలు చేస్తున్నది, అండ్ల ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ కోర్సు కూడ ఉన్నది. పదేండ్లు మిషన్ మీద నిలబడ్డోడు కొలువు ఇడిసిపెట్టి పొద్దంత క్లాసుల ఎట్ల కూసుంటడు? జనరల్ షిఫ్టు ఇడిసినంక, సాయంత్రం 6కు పటాన్‌చెరుల ఒక బ్యాచ్ పెట్టున్రి. ఫీజుల సగం కంపెనీలు కట్టాలె. మా ఇంద్రేశం నుంచే ఓ ఆటో నిండుతది.