నాలుగంకెల గుట్టు

మన దేశంలో పిన్ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, 1972 ఆగస్టు 15న తపాలాశాఖ ప్రవేశపెట్టిన ఆరంకెల సంఖ్య. దాన్ని ఎంతమందికి చెబితే అంత మంచిది. ఉత్తరం తిన్నగా ఇల్లు చేరుతుంది. రెండవది, బ్యాంకు కార్డుకుండే నాలుగంకెల సంఖ్య. దీన్ని కన్నబిడ్డకైనా చెప్పరాదన్నది నియమం. మన ఆచరణ చూస్తే మాత్రం రెండోదాన్ని కూడా మొదటిదానిలాగే వాడుతున్నట్టు కనబడుతుంది. పెట్రోలు బంకులో, హోటల్లో, బట్టలకొట్లో మిషను చేతబట్టుకున్న కుర్రవాడు "పిన్ చెప్పండి సార్" అంటాడు. మనం పదిమంది మధ్యా చెప్పేస్తాం.

ఇందులో పేరు చేసిన అపకారం కొంత ఉందని నా అనుమానం. పిన్ అంటే 'వ్యక్తిగత గుర్తింపు సంఖ్య' అని కదా విస్తరణ. నిజానికి మనిషిని గుర్తించే పని కార్డుమీది సంఖ్యదే. ఆ కార్డు తెచ్చినవాడు దాని సొంతదారేనని రుజువు చూపడం పిన్ పని. పూర్వం బ్యాంకులో సంతకం చేసిన పనినే ఇప్పుడిది చేస్తోంది. కార్డునూ రహస్యసంఖ్యనూ జోడించే పద్ధతికి 1966లో పేటెంటు కోరినవాడు జేమ్స్ గుడ్‌ఫెలో అనే స్కాట్లండు ఇంజనీరు. మరుసటి ఏడు, 1967 జూన్ 27న, లండను దగ్గరి ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన నగదుయంత్రం వెనకనున్న జాన్ షెపర్డ్-బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. ఆయన మొదట ఆరంకెలు అనుకున్నాడట. నాలుగుకు మించి తనకు గుర్తుండవని భార్య అనడంతో నాలుగుకు దిగాడని తరవాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు.

నాలుగంకెలతో కూర్చగలిగే సంఖ్యలు మొత్తం 10,000. కంప్యూటరుకు అది రెప్పపాటు పని. అందుకే మూడుసార్లు తప్పు కొడితే కార్డును ఆపివేసే కట్టుబాటు పెట్టారు. ఆ సంఖ్య యంత్రం నుండి బ్యాంకుకు వెళ్ళే దారిలో తీసుకున్న జాగ్రత్త ఇంకా గొప్పది. ఏటీఎంలో మనం మీటలు నొక్కగానే ఆ మీటలపలకలోనే అంకెలు గుప్తలిపిలోకి మారిపోతాయి; ఏటీఎం లోపలి కంప్యూటరుకు కూడా అసలు అంకెలు అందవు. సాధారణంగా కార్డుసంఖ్యలోని అంకెలను కూడా కలిపి మారుస్తారు గనుక, ఇద్దరి పిన్ ఒకటే అయినా దారిలో వెళ్ళే రూపాలు వేరు. దారిలో ఒక గుప్తలిపి నుండి మరొకదానికి మార్చవలసి వస్తే, ఆ పని ప్రత్యేకమైన ఒక భద్రపు పెట్టెలోనే జరుగుతుంది. ఆ పెట్టెను బలవంతంగా తెరవబోతే అందులోని తాళపుసంకేతాలు చెరిగిపోతాయి. ఏ ఉద్యోగి కంటా పడకూడదని ఇంత ఏర్పాటు చేసిన సంఖ్యను మనం పెట్రోలు కొట్టించుకుంటూ గొంతెత్తి చెబుతున్నాం!

చెబితే ఏమవుతుందన్నవారికి బెంగుళూరు ఉదంతం ఒకటి ఉంది. 2013 నవంబరులో ఒక బాలింత తన కార్డూ పిన్నూ భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మని పంపింది. యంత్రం చీటీ ఇచ్చింది గాని డబ్బు ఇవ్వలేదని వారి ఫిర్యాదు. పిన్ ఇతరులకు చెప్పడం నియమవిరుద్ధమని బ్యాంకు వాదించింది. 2018లో వినియోగదారుల ఫోరం బ్యాంకు పక్షమే తీర్పు చెప్పింది. సొంత చెక్కో, అధికారపత్రమో ఇచ్చి పంపవలసిందని కూడా అన్నది.

నియమం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. డబ్బు బయటికి వచ్చిందా లేదా అన్నది అక్కడి ప్రశ్న. మీటలు ఎవరు నొక్కారన్నది దానికి జవాబెలా అవుతుంది? పిన్ సరిపోతే డబ్బు అడిగినట్టు రుజువు అవుతుందేమో గాని, డబ్బు అందినట్టు కాదు. ఈ రెంటినీ ఒకటి చేస్తే పిన్ ఖాతాదారుకు కవచంగా ఉండవలసింది పోయి బ్యాంకుకు కవచమవుతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జులై ఉత్తర్వు కూడా, ఖాతాదారు తన రహస్యవివరాలు పరులకు చెప్పినందువల్ల కలిగిన నష్టం బ్యాంకుకు తెలియజేసేదాకా ఖాతాదారుదేనని చెప్పింది. సరే, భారం మనది. అలాంటప్పుడు భారం మోసేవాడికి దారి కూడా చూపాలి కదా! దుకాణంలో మిషను కొనుగోలుదారు చేతికివ్వడమే పద్ధతి కావాలి. తీగ పొట్టిగా ఉందనో, అవతల వరస పెరుగుతోందనో సంఖ్య అడగడం మానాలి. ఇక, తెరమీది అక్షరాలు కనబడని పెద్దలు పింఛను తెచ్చుకోవడానికి మనవడికో, పక్కింటివారికో, గుమ్మంలోని కాపలావాడికో పిన్ చెప్పక ఏం చేస్తారు? 70 ఏళ్ళు దాటినవారికి ఇంటివద్దనే నగదు అందించే ఏర్పాటు చేయమని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పింది. ఆ సంగతి మన పెద్దల్లో ఎందరికి తెలుసు? కౌంటరు దగ్గర ఎవరైనా వారికి చెబుతున్నారా?

మీ ఇంట్లో పెద్దవారి కార్డు ఎవరి చేతిలో ఉందో, పిన్ ఎవరికి తెలుసో ఒకసారి విచారించండి. మరొకరికి తెలిసి ఉంటే, ఏటీఎం దాకా వారిని నడిపించుకు వెళ్ళి కొత్త పిన్ వారి వేళ్ళతోనే పెట్టించండి. అంతసేపూ మీరు మొహం అటు తిప్పుకుని నిలబడితే చాలు.