మత్తు డాక్టరు దగ్గర దాపరికమా?

క్యాన్సర్ ఆపరేషన్ అనగానే సర్జన్ ఎవరు, హస్తవాసి ఎలాంటిదని ఇంటిల్లిపాదీ ఆరా తీస్తారు. మత్తు ఇచ్చేదెవరని అడిగేవాళ్లు అరుదు. రోగి మనసులో తిరిగేది మాత్రం 'మళ్లీ లేస్తానా?' అన్న ప్రశ్నే. పైకి అనలేరు. చాలా ఇళ్లలో జబ్బు పేరే చెప్పరు మరి. 'చిన్న గడ్డ, తీసేస్తారంతే' అని సర్దిచెబుతారు. ఇక ఆవిడ ఏమని అడుగుతుంది!

ఆ ప్రశ్న అడగడానికో చోటుంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు రోగిని పరీక్షించి మాట్లాడతారు. దాన్ని సంతకాల తంతు అనుకుని కొడుకో, అల్లుడో గబగబా జవాబులు చెప్పేస్తుంటారు. రోగినే చెప్పనివ్వాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఇదివరకు మత్తు పడలేదా? కదిలే పన్ను, కట్టుడుపళ్లు ఉన్నాయా? (గురక సంగతి మాత్రం భార్యనే అడగాలనుకోండి!) బీడీ, మందు అలవాట్లు, నాటు మందులు... ఏవీ దాచకూడదు. పిల్లల ముందు మొహమాటమైతే వాళ్లను కాసేపు బయటికి పంపమనవచ్చు.

కీమో కాగితాలు తప్పక పట్టుకెళ్లాలి. ఎర్రగా ఉండే డోక్సోరుబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. అది వాడినవారికి అందుకే ఎకో తీయిస్తుంటారు. బ్లియోమైసిన్‌తో ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. ఆపరేషన్‌లో ఆక్సిజన్ ఎంత ఇవ్వాలన్నది కూడా దాన్నిబట్టి చూసుకుంటారు. మెడకు, దవడకు రేడియేషన్ అయినవారికి నోరు పూర్తిగా తెరుచుకోక, శ్వాసగొట్టం వేయడం కష్టం కావచ్చు. ముందే తెలిస్తే అందుకు తగ్గ ఏర్పాట్లు చేసుకుంటారు.

మత్తంటే ఒక సూది పొడిచి వెళ్లిపోవడం కాదు. ఆపరేషన్ అయ్యేదాకా మందు అందుతూనే ఉంటుంది, డాక్టరు కనిపెట్టుకునే ఉంటారు. మందు ఆపాక మెలకువ వస్తుంది. ప్రమాదం అసలే లేదనలేం గానీ, మత్తు వల్లే ప్రాణం పోవడం చాలా అరుదు. వయసు, గుండె పరిస్థితి, ఆపరేషన్ తీరు బట్టి మీ సంగతేమిటో ఆ డాక్టరునే అడగండి.

ఈ భయానికి మన హైదరాబాద్‌లోనూ ఓ చరిత్ర ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెా అని తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడే రెండు కమిషన్లు పనిచేశాయి. ఊపిరే అన్నాయవి. గుండె కూడా ఉన్నట్టుండి ఆగవచ్చని తర్వాత తేలింది. ఇప్పుడు ఛాతీమీద తీగలు, వేలికి క్లిప్పు పెట్టి రెండింటినీ క్షణక్షణం చూస్తారు. గోళ్లరంగు తుడుచుకుని రమ్మనేది ఆ క్లిప్పు కోసమే.

మామూలుగా అన్నం, టిఫిన్ ఆరు గంటల ముందు ఆపేయాలి. వేపుళ్లు, మాంసంలాంటివైతే ఎనిమిది. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకూ తాగవచ్చు. మీ డాక్టరు వేరేలా చెబితే అదే పాటించండి. 'నీరసపడుతుంది పాపం' అని చాటుగా ఓ ఇడ్లీ పెట్టారో, మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బీపీ, షుగరు మాత్రల్లో ఆ ఉదయం ఏది వేసుకోవాలో, ఏది మానాలో రాయించుకోండి.

లేచాక కాసేపు వణుకు, ఒకట్రెండు రోజులు గొంతునొప్పి ఉండవచ్చు. బస్సెక్కితే వాంతులయ్యేవారు ఆ మాటా చెప్పాలి. దానికి ముందే మందిస్తారు.