మిగులు, చద్ది, ఎంగిలి, పాచి



కేకుపైన పూయగా గిన్నెలో మిగిలిపోయిన తీపి పూతను గురించి ఒక తెలుగు పండితుడు టపా వ్రాయడమేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. యతిప్రాసలను గురించీ అరసున్నలను గురించీ చర్చించుకునే చోట ఈ వంటింటి ప్రసంగం ఎందుకని అడగనూవచ్చు. నా మటుకు నాకు ఇది మొదట భాషకు సంబంధించిన విషయం. వంట ఆ తరువాతిది.

హనుమకొండలో ఇప్పుడు ఇంటిపట్టునే కేకులు చేసే పిల్లలు బాగా పెరిగారు. మా మనుమరాలు వారిలో ఒకతె. క్యారెట్ కేకు చేసినా, రెడ్ వెల్వెట్ అనే ఆ ఎర్రని కేకు చేసినా దానిపై క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ పూయవలసిందే. వెన్న, క్రీమ్ చీజ్, పొడి చేసిన చక్కెర, రెండు చుక్కల వెనిలా, ఇంతే దాని సామగ్రి. కొలత మాత్రం ఎప్పుడూ మించుతుంది. కేకు ముగిసేసరికి గిన్నెలో పావుకిలో దాకా నిలుస్తుంది.

దీనికి తెలుగు పేరేమిటని ఆ పిల్ల నన్ను అడిగింది. నిఘంటువులు చీజ్ అన్న మాటకు ‘జున్ను’ అని అర్థం చెబుతాయి. అది నాకు మొదటినుంచీ సమ్మతం కాదు. జున్ను ఈనిన పశువు తొలిపాలతో అయ్యేది. క్రీమ్ చీజ్ మీగడ కలిపిన పాలను తోడువేసి, విరిగిన ముద్దలోని నీటిని వడకట్టగా వచ్చేది. మన వంటల్లో దానికి దగ్గరి చుట్టం జున్ను కాదు, వడగట్టిన పెరుగు. శ్రీఖండ్ తిన్నవారికి ఈ చుట్టరికం వెంటనే బోధపడుతుంది. కనుక ఫ్రాస్టింగ్‌ను ‘పూత’ అంటాను, క్రీమ్ చీజ్‌ను క్రీమ్ చీజ్ అనే అంటాను. లేని మాటను బలవంతాన పుట్టించడం కంటే వచ్చిన మాటను మర్యాదగా ఇంట్లోకి పిలవడం మేలు.

ఇక అసలు విషయం. తినగా నిలిచిన పదార్థానికి ఆంగ్లంలో ఒకే మాట సరిపెట్టుకుంటారు. మనకు కనీసం నాలుగున్నాయి. ఎవరూ ముట్టకుండా పాత్రలో ఉన్నది మిగులు. ఒక రాత్రి గడిచినా తినదగినది చద్ది. నోరు తగిలినది, నోట పెట్టుకున్న చెంచా తగిలినది ఎంగిలి. చెడినది పాచి. ఈ నాలుగింటి మధ్య గీతలు తెలిసిన ఇల్లాలికి సూక్ష్మజీవశాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు. గిన్నెలోని పూత మిగులు. కొవ్వొత్తులు ఊదిన కేకు పైనుంచి గీకి తీసినది ఎంగిలి. ఈ రెంటినీ ఒక డబ్బాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టడమే మొదటి పొరపాటు. పిల్లలు వేలితో నాకిన చెంచాను మళ్ళీ గిన్నెలో ముంచితే ఆ గిన్నె అంతా ఎంగిలే.

చద్ది అనగానే మన జిల్లావారికి బమ్మెర గుర్తుకు రావాలి. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు జనగామకు వెళ్ళింది గాని, మాకు మాత్రం ఇంకా వరంగల్లు పోతనే. భాగవతం దశమస్కంధంలో గోపబాలురు చల్దులు ఆరగించే ఘట్టంలో పెరుగు కలిపిన అన్నం ఉంది, నంజుకోవడానికి ఊరగాయ ఉంది. పులుపు, ఉప్పు, నూనె, ఇవే అన్నాన్ని చద్దిగా నిలిపేవి. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం వర్ణించిన పద్యం మరో రకం. (ఆ గ్రంథకర్త వల్లభరాయుడా శ్రీనాథుడా అన్న తగవులోకి ఇక్కడ దిగను.) అందులో పంచదార ఉంది, ఆవునెయ్యి ఉంది. ఆ నెయ్యి అప్పుడే కాచినదని కవి పనిగట్టుకొని చెప్పాడు. ఒక రూక పుచ్చుకొని పెట్టే భోజనానికి తాజాతనమే ప్రశస్తి. మన పెద్దలకు పాలనుంచి వచ్చిన పదార్థం విషయంలో రెండే దారులు: అప్పటికప్పుడు తినడం, లేదా నిలిచే రూపంలోకి మార్చడం. పాలు నిలవవు, తోడుపెట్టు. పెరుగు పులుస్తుంది, చిలుకు. వెన్న ముక్కిపోతుంది, కాచు. కాచి గసి వడకట్టిన నెయ్యి నెలలపాటు ఉంటుంది, ఎందుకంటే అందులో నీరు దాదాపు లేదు.

ఈ పూత చిక్కంతా ఆ నీటిలోనే ఉంది. చక్కెర దండిగా ఉంది గదా, పాకం పట్టిన పదార్థంలా నిలుస్తుందని కొందరు వాదిస్తారు. క్రీమ్ చీజ్‌లో బరువులో సగానికి కాస్త అటూ ఇటూగా నీరే ఉంటుంది. చక్కెర ఆ నీటిని కొంత పట్టి ఉంచుతుంది, పులుపు కొంత అడ్డుకుంటుంది. రెండూ సగం సగం కాపలా మాత్రమే. అందుకే ఇటువంటి పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దనీ, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువనీ అమెరికా ఆహారభద్రతా శాఖ చెబుతుంది. మన ఊళ్ళో వేసవిలో 32 డిగ్రీలంటే తెల్లవారుజామున ఉండే చల్లదనం! కనుక మనకు వర్తించేది ఆ ఒక గంట గడువే.

ఈ టపా వ్రాయడానికి కారణమైన సంగతి ఇప్పుడు చెబుతాను. మా వీధిలో ఒక వేడుక జరిగింది. రాత్రి తొమ్మిదింటికి కేకు కోశారు. పూత గిన్నె తెల్లవారేదాకా బల్లమీదనే ఉండిపోయింది. ఉదయం ఆ ఇంటివారు దానిని చూసి, ఇక మనం తినలేమనుకొని, అంట్లు తోమడానికి వచ్చిన ఆమె చేతిలో పెట్టి “పిల్లలకు పెట్టుకోమ్మా” అన్నారు. అక్కడే ఉన్న నేను అది పారబోయవలసిందని అన్నాను. “పారేస్తే పాపం గదా మాస్టారూ” అని జవాబు.

ఆ జవాబును నేను తేలికగా కొట్టివేయను. మెతుకు నేల రాలితే తీసి కళ్ళకద్దుకున్న తరం మాది. కరవు తెలిసినవారికి గిన్నె పారబోయడం చేతకాదు. కాని ఆ పాపభీతి ఎవరి కడుపుమీదుగా తీరుతున్నదో చూడాలి. మనం తినలేమని తేల్చుకున్న క్షణానే అది పాచి అని మనమే తీర్పు చెప్పేశాము. పాచిని ఇంకొకరి పిల్లలకు ఇస్తే దానం కాదు. ఎంగిలి, పాచి అన్న మాటలను మన సమాజం వాడుకున్న తీరు కూడా ఇక్కడ తలచుకోక తప్పదు. తమకు అంటరానివి ఈ మాటలతో వేరుచేసి, అవే పాలేరు చేటలో పోసిన ఇళ్ళు మన ఊళ్ళలో ఉండేవి. ఫ్రిజ్‌లు వచ్చినా ఆ అలవాటు కొన్ని ఇళ్ళ గడప దాటలేదు. పైగా స్టాఫిలోకోకస్ వంటి సూక్ష్మజీవులు వదిలే విషానికి వాసన ఉండదు, రుచి మారదు, వేడిచేసినా పోదు. ఆ తల్లి వాసన చూసి పోల్చుకోగలదని అనుకోవడం కూడా సరికాదు. ఇవ్వదలచుకుంటే రాత్రి తొమ్మిదింటికే, మన పళ్ళేల్లో వడ్డించకముందే ఒక డబ్బాలోకి తీసి ఉంచాలి. మరునాడు ఫ్రిజ్‌లోనుంచి చల్లగా తీసి, కేకు ముక్కతోపాటు ఇవ్వాలి.

మా ఇంట్లో ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. కేకు పూర్తికాగానే పూతను చిన్న చిన్న డబ్బాల్లోకి సర్దుతాము. పెద్ద డబ్బా అయితే మాటిమాటికి మూత తీయాలి, చెంచా పెట్టాలి. పూతకు గాలి తగలకుండా పైన పలుచని ప్లాస్టిక్ కాగితం అంటేటట్లు పరచి, గట్టి మూత పెట్టి, తేదీ వ్రాసి అంటిస్తాము. వెన్నకు పరిమళాలను పీల్చే గుణం ఉంది. ఇంగువ చారు పక్కన మూతలేని పూత ఒక రాత్రి ఉంటే ఉదయానికి కేకు పోపుపెట్టినట్లే ఉంటుంది! ఫ్రిజ్‌లో ఐదు రోజులు, మహా అయితే వారం. అంతకు మించి కావాలంటే గడ్డకట్టే అరలో రెండు నెలల దాకా ఉంచవచ్చు. తీసేటప్పుడు బయటపెట్టి కరిగించరాదు. ముందురాత్రి కింది అరలోకి దించాలి. నీరు విడిచినట్లు కనిపిస్తే కొద్దిసేపు గిలక్కొట్టాలి, ఎక్కువ కొడితే జారిపోతుంది. జారిందని ఇంకా చక్కెర పోయడం తెలివితక్కువ. చక్కెర క్రీమ్ చీజ్‌లోని నీటిని బయటికి లాగుతుంది, పూత మరింత జారుతుంది. కాసేపు చల్లబెడితే చాలు.

ఖర్చుచేయడం కష్టమేమీ కాదు. రెండు ఉస్మానియా బిస్కట్ల మధ్య పూసి పిల్లలకు పెడితే ఆ ఉప్పదనానికీ ఈ తీపిపులుపుకూ చక్కని పొత్తు. పెరుగు చిలికేటప్పుడు రెండు చెంచాలు వేస్తే చక్కెర వేయనక్కరలేని లస్సీ అవుతుంది. అరటిపండు ముక్కలకు, వేడి చపాతీకి బాగుంటుంది. మరుగుతున్న సేమ్యా పాయసంలో మాత్రం వేయకండి, పులుపుకు పాలు విరుగుతాయి. పాయసం దించి, గోరువెచ్చగా అయ్యాక కలుపుకోవచ్చు. ఒకసారి కరిగించిన డబ్బాను మళ్ళీ గడ్డకట్టించే పని పెట్టుకోక, రెండు మూడు రోజుల్లో ముగించండి.