ముంపు పటం ఊరికి చేరేదెప్పుడు?

కర్నూలు, కడప: ఏడాదిలో అధిక భాగం ఇసుక మేటలుగా కనిపించే నదులు మనవి. హంద్రీలో నీరు పారితే అదే వార్త. ఉపగ్రహ చిత్రాల్లో రాయలసీమను చూసేవారు సైతం ఎండిన పైరును, కరవు మండలాలను వెతకడానికే అలవాటు పడ్డారు. అందువల్లనే కాబోలు, వరద వచ్చిన ప్రతిసారీ అది మనకు తొలి వరదగానే తోస్తున్నది.

2009వ సంవత్సరం ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో అదృశ్యమైంది. ఇస్రో ఉపగ్రహాన్ని, వాయుసేన విమానాలను గాలింపులో దించినా మరునాటి ఉదయానికి గాని ఆచూకీ లభించలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. ఎగువన సుంకేసుల తట్టుకోలేకపోయింది. మంత్రాలయం జలదిగ్బంధమైంది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం చేరి, 885 అడుగుల పూర్తి నీటిమట్టాన్ని మించిపోయింది.

హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం అప్పుడు ముంపు పటాలను రూపొందించింది. రాడార్ ఉపగ్రహానికి మబ్బు అడ్డు కాదు, రాత్రీ అడ్డు కాదు. సహాయక బృందాలను ఎక్కడికి పంపాలో, ఆహార పొట్లాలను ఎక్కడ జారవిడవాలో నిర్ణయించడానికి అటువంటి పటాలు అక్కరకు వస్తాయి. అయితే నీరు ఎంతమేర పరచుకున్నదో చెప్పగల చిత్రం, ఏ వీధిలో ఎంత లోతున నిలిచినదో చెప్పలేదు. అందుకు నేల ఎత్తుపల్లాల కొలతలు కావాలి. పైగా ఉపగ్రహం చూపేది వచ్చిన నీటిని. ప్రాణాలు కాపాడవలసింది రాబోయే నీటి నుంచి.

ఈ లోపం కడప జిల్లాలో మరింత కఠోరంగా బయటపడింది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి వేకువన, ఎగువన పింఛా తెగి వచ్చిన నీటికి చెయ్యేరుపై గల అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయింది. ఒక గేటు తెరుచుకోలేదన్న విషయం పార్లమెంటులో సైతం ప్రస్తావనకు వచ్చింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాలపై నీరు విరుచుకుపడింది. పదుల సంఖ్యలో జనం గల్లంతయ్యారు. దీపాలు వెలిగించడానికి నదీతీర శివాలయాలకు వెళ్లినవారూ అందులో ఉన్నారు. హెచ్చరిక సకాలంలో అందలేదని బాధితులు అనంతరం ఆరోపించారు.

కట్ట తెగితే ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో, ఎంత ఎత్తున నీరు చేరుతుందో ముందే లెక్కగట్టి పటంగా గీయడం నేడు కష్టసాధ్యం కాదు. నది అడ్డుకోతలు, నేల ఎత్తులు, జలాశయ సామర్థ్యం తెలిస్తే కంప్యూటర్ ఆ లెక్క చెబుతుంది. ఆ పటం చేతిలో ఉన్న అధికారి రాత్రి మూడు గంటలకు ఎవరిని ముందు లేపాలో వెతుక్కోనక్కరలేదు.

చట్టమూ ఇదే కోరుతున్నది. చెయ్యేరు ప్రమాదం జరిగిన నెలన్నర లోపే, 2021 డిసెంబరు 30న, ఆనకట్టల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. ముంపు ప్రాంతాలను, అక్కడి జనాభాను, హెచ్చరించే విధానాన్ని గుర్తిస్తూ ప్రతి ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలని, పాత ఆనకట్టలకు ఐదేళ్ల గడువని అది నిర్దేశించింది. ఆ లెక్కన గడువు 2026 డిసెంబరు వరకే. మన రెండు ప్రాంతాల్లోని ఏ జలాశయానికి ప్రణాళిక పూర్తయిందో, దిగువ గ్రామాల జాబితా ఏమిటో ప్రజలకు తెలియజేయడం కలెక్టర్ల బాధ్యత.

చట్టానికి చిక్కనివీ ఉన్నాయి. 15 మీటర్లకు మించిన కట్టలకు, షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల కట్టలకు మాత్రమే అది వర్తిస్తుంది. చెరువులు అధికభాగం దాని పరిధికి వెలుపలే. అయితే సీమలో గొలుసుకట్టు చెరువు ఒకటి తెగితే దిగువనున్నవి వరుసగా తెగుతాయని రైతులకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఏ మరవ పూడిపోయింది, ఏ తూము పనిచేయదు, ఏ వంకను చదును చేసి ఇళ్ల స్థలాలు వేశారు అన్నది నీరుగంటికీ, గ్రామ రెవెన్యూ సిబ్బందికీ తెలిసినంతగా ఉపగ్రహానికి తెలియదు. వారి సెల్‌ఫోన్‌తోనే ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయవచ్చు. ఖర్చు స్వల్పం. ఇంతవరకు ఎవరూ అడగలేదన్నదే అసలు సంగతి.

మరో పని మరింత తొందరది. కర్నూలు పాతబస్తీలో 2009 నాటి నీరు తమ ఇంటి గోడపై ఎంతవరకు వచ్చినదో చేయెత్తి చూపగలవారు ఇంకా ఉన్నారు. ఆ ఎత్తును కొలిచి పటంపై ఎక్కిస్తే, ఏ కంప్యూటర్ లెక్క సరైనదో, ఏది కాదో తేల్చే గీటురాయి దొరుకుతుంది. గోడలకు ఏటా సున్నం పడుతున్నది, పాత ఇళ్లు కూలి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి.