మూడు పాత చిత్రములు

సినిమాలను గూర్చి వ్రాయుటకు మాకు ప్రత్యేకాధికార మేమియు లేదు. తారల జాతకములు మే మెరుగము. ఛాయాగ్రహణపు మర్మములు మాకు బోధపడవు. వినోదమునకై కూర్చుండి, నచ్చినచో తుదివరకు చూచి, నచ్చనిచో నడుమ లేచిపోవు సామాన్య ప్రేక్షకులలో మేమును ఒకరము. అట్టి మేము ఇటీవల 1938, 1939 సంవత్సరములలో వెలువడిన మూడు తెలుగు చిత్రములను వరుసగా చూచితిమి. ఒక్కదానియందును నడుమ లేవలేదు.

మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినది. ఆ పిమ్మట కొన్నియేండ్లు తెలుగు తెరపై దేవతలదే రాజ్యము. సాంఘిక చిత్రములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. అట్టి సమయమున గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో ‘మాలపిల్ల’ను ప్రజల యెదుట నిలిపిరి. గాంధీమహాత్ముడు హరిజనయాత్రలో ఆంధ్రదేశమున సంచరించి అప్పటికి ఐదేండ్లైనను కాలేదు. తిరువాన్కూరులో దేవాలయ ద్వారములు 1936లో తెరువబడినవి గాని, మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము ఇంకను పుట్టలేదు. ఆ పేరు పెట్టుటకే గుండెధైర్యము కావలెను. కథ చలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. గ్రాంథికము వ్రాయుట మా కలవాటైనను, ఆ పాత్రల నోట నాడిన మాటల సొంపు మా వాక్యములకు లేదని యొప్పుకొనక తప్పదు.

గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిన సుందరరామశాస్త్రి పాత్రను మేము మరువజాలము. ఆయన దుర్మార్గుడు కాడు. తాను నమ్మిన ధర్మమును నిష్ఠతో నడపు పెద్దమనుష్యుడు. చెరువునీరు హరిజనులకు నిషేధించువాడును ఆయనయే. దుష్టుని ద్వేషించుట ప్రేక్షకునకు సులభము. సజ్జనుని చేతి క్రౌర్యము చూచునపుడు మాత్రము మన తాతలు జ్ఞప్తికి వచ్చి, కుర్చీలో కొంత యిబ్బందిగా కదలవలసి వచ్చును.

ఐనను ఒక్క యాక్షేపణ చెప్పక పోలేము. శాస్త్రిగారి మనసు ఎప్పుడు మారినది? తన భార్య అగ్నిలో చిక్కుకొనగా హరిజను డొకడు ఆమెను కాపాడిన పిమ్మట. ఊరిచెరువులో నీరు ముంచుకొనుటకు మనుష్యుడు మరొకరి ప్రాణము నిలిపి యోగ్యతాపత్రము సంపాదింపవలెనా? మంట లేచియుండనిచో దప్పిక తీరకయే పోయెడిదా? కాంచనమాల పాత్రయు నట్లే. కలకత్తాలో చదువు, క్రొత్త తీరు దుస్తులు, నాగరకపు నడక అన్నియు అబ్బిన పిదపగాని ఆ పిల్ల కోడలు కాలేదు. చూచిన జనులు ముచ్చటపడిన మాట నిజమే. మాలవాడలోనే యుండి, ముతకచీరతోనే యున్న పిల్ల మాట యేమి? ఈ ప్రశ్నను చిత్రము వేయలేదు. 1938లో అంతకు మించి యడుగుట అన్యాయము కావచ్చును. నేడు చూచువారు అడుగకుండుట అంతకంటె అన్యాయము.

మరుసటి యేట అదే సారథి సంస్థ ‘రైతుబిడ్డ’ను తీసెను. బళ్లారి రాఘవగారు రంగస్థలమున ఎంతటివారో చెప్పగా వినుటయేగాని చూచు భాగ్యము మాకు లేకపోయెను. తెరపై రైతు నర్సిరెడ్డిగా వారు కనబడినపుడు ఆ లోటు కొంత తీరినది. అప్పులలో మునిగిన చిన్నరైతు జమీందారు పక్షమును కాదని రైతుల అభ్యర్థికి వోటు వేయుట, అందుకు ఫలితముగా కష్టములు పాలగుట ఇందలి కథ. దీనికి జమీందారులు కొందరు మండిపడిరి, కొన్ని తావుల ప్రదర్శనము నిషేధింపబడెను. వింత యేమనగా, సారథి సంస్థకు వెన్నుదన్నుగా నిలిచినవారు చల్లపల్లి జమీందారుగారే! 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారు వి.వి. గిరిగారి చేత నోడిపోయినది, ప్రకాశం పంతులుగారి విచారణ సంఘము ఎస్టేటు రైతుల బాధలను వినినది ఆ కాలముననే. 1948లో మద్రాసు ప్రభుత్వము ఎస్టేటుల రద్దు చట్టము చేయుటతో ‘రైతుబిడ్డ’ కోరినది సిద్ధించెను.

ఈ రెండు చిత్రములను వెంటవెంటనే చూచువానికి మాత్రము ఒక సంగతి స్ఫురింపక మానదు. ‘మాలపిల్ల’లో నీరు నిరాకరింపబడిన హరిజనులు పొలముపనులు మానివేయుదురు. అవి ఎవరి పొలములు? ‘రైతుబిడ్డ’లో మనము కన్నీరు పెట్టుకొన్న రైతువంటివారివే యేల కాగూడదు? జమీందారు యెదుట దీనుడై నిలిచినవాడు కూలివాని యెదుట ఏ తీరున నిలిచెను? ఎస్టేటులు పోయినపుడు పట్టా వచ్చినది రైతునకు. అతనిక్రింద దున్నినవానికి రాలేదు. 1956లో ఆంధ్రప్రాంతమునకు కౌలుదారీ చట్టము వచ్చినను, నోటిమాట కౌలు మన గ్రామములలో నేటికిని నడచుచునే యున్నది. పంట పోయినచో పరిహారము పట్టా కలవాని పేర వచ్చుటయు, అప్పు కౌలుదారుని పేర నిలుచుటయు భూవసతి గల మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఈ మూడవవాని కథను తీయ నొక రామబ్రహ్మము లభింపలేదేమో యని మాకు తోచినది.

మూడవది చిత్తజల్లు పుల్లయ్యగారి ‘వరవిక్రయము’. ఇదియు 1939 నాటిదే. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకము తెలుగువారికి క్రొత్త కాదు. చిత్రముగా దీనికి సొగసు తక్కువ, నాటకపు వాసన యెక్కువ. పిసినిగొట్టు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు నవ్వించుచు నవ్వించుచు అసహ్యము పుట్టింతురు. తన కొరకై తండ్రి తలకు మించిన కట్నమున కొడంబడుట సహింపక బావిలో పడిన కాళింది భానుమతిగారి తొలి పాత్ర. అయితే మాకు నచ్చినది చెల్లెలు కమల. రొక్కమిచ్చి కొన్నది మేమే గనుక వరుడే మా యింటికి రావలెనని ఆమె చేయు వాదమునకు లింగరాజునొద్ద సమాధానము లేదు, నేటి మామగారలయొద్దను లేదు.

వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. కాళ్లకూరివారు 1927లోనే గతించుటచే దానిని చూడలేదు, అది నడచు తీరును చూడవలసిన కర్మమును వారికి పట్టలేదు. బేరము మాత్రము తగ్గలేదు. నాడు వరుని చదువునకు వెల కట్టిరి, నేడు అమెరికా కొలువునకు కట్టుచున్నారు. పెండ్లిపందిట ఈ చిత్రమును ప్రదర్శించినచో ఎందరు విందు పూర్తిగా భుజింతురో చూడవలెనని మాకొక కోరిక కలదు. పందిరి వేయించువారెవరైన నొప్పుకొందురేమో తెలియదు.