ఏ పరీక్షతో లెక్కపెట్టారు?

ఒక ఆసుపత్రిలో రోగులకు సోకిన పేగువ్యాధుల సంఖ్య స్వల్పమని చదివినప్పుడు, అక్కడ పరిశుభ్రత బాగున్నదని మీరు భావిస్తారు. తొందరపడకండి. అక్కడ సరిగా వెదకలేదని కూడా ఆ సంఖ్యకు అర్థం కావచ్చును.

నేను చెప్పేది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే సూక్ష్మజీవిని గురించి. యాంటీబయాటిక్ మందులు పెద్దపేగులోని హితకర సూక్ష్మజీవులను నశింపజేసినపుడు ఇది విజృంభించి, జీవవిషాలను వెలువరించి, తీవ్రమైన విరేచనాలనూ, ఒక్కొక్కప్పుడు మరణాన్నీ కలుగజేస్తుంది. అయితే ఏ హానీ చేయక కొందరి పేగులలో ఊరక ఉండిపోతుంది కూడా. చిక్కంతా ఇక్కడే. జీవవిషాన్ని వెదకే పరీక్ష కొందరు వ్యాధిగ్రస్తులను విడిచిపెట్టవచ్చును. విషాన్ని తయారుచేసే జన్యువును పసిగట్టే పి.సి.ఆర్. పరీక్ష, వ్యాధి లేని వాహకులను సైతం రోగుల పద్దులో చేర్చగలదు. మలం ఒక్కటే, తీర్పులు రెండు.

ఇంగ్లండు ఉదంతం చూడండి. 65 ఏళ్ళు, అంతకు పైబడిన వారిలో ఈ వ్యాధి లెక్కలను సమర్పించడం అక్కడ 2004లో నిర్బంధమైంది. 2007లో రెండేళ్ళు నిండిన వారందరికీ దానిని విస్తరించారు. లెక్కలు ప్రకటించారు, తగ్గించమని లక్ష్యాలు విధించారు. మరి, ముందు జి.డి.హెచ్. అనే ఎన్జైమును గాని జన్యువును గాని వెదకి, అది కనిపిస్తేనే జీవవిషానికై పరీక్షించాలన్న రెండంచెల పద్ధతిని ప్రభుత్వం సిఫారసు చేసినది ఎప్పుడు? 2012లో! అంతవరకు తలకొక కొలబద్దతో కొలిచి, ఎవరు పొడవో ఎవరు పొట్టో తేల్చారన్నమాట. శ్రద్ధగా వెదకిన ఆసుపత్రికి చెడ్డపేరు, చూసీచూడనట్లున్న దానికి మెప్పు దక్కే ఏర్పాటిది.

ఎక్కువమందిని పట్టుకోవడం మంచిదే కదా అని కొందరు వైద్యమిత్రులు వాదిస్తారు. నేను అంగీకరించను. 12,000కు పైగా మల నమూనాలను పరిశీలించి 2013లో ఇంగ్లండులోనే ప్రచురించిన అధ్యయనంలో, మరణాలు అధికమైనది జీవవిషం కనిపించిన రోగులలోనే; సూక్ష్మజీవి మాత్రమే ఉన్నవారిలో కాదు. విరేచనకారి మందు పుచ్చుకొని పలుచగా విసర్జించిన వృద్ధుని నమూనాను పి.సి.ఆర్.కు పంపితే, అతడు వాహకుడైన పక్షంలో, వాంకోమైసిన్ మ్రింగవలసి వస్తుంది. అసలు కారణం మాత్రం మంచం ప్రక్కనున్న సీసాలోనే ఉంటుంది!

కనుక ఆసుపత్రి సంఖ్యను ప్రకటిస్తే, ఏ పరీక్షతో, ఎందరిని పరీక్షించి దానిని రాబట్టారో కూడా ప్రకటించమని అడగండి. గట్టిపడిన మలాన్ని ఈ పరీక్షకు పంపరాదు. విరేచనాలు తగ్గి కోలుకున్నవారికి, 'నెగటివ్' వచ్చిందో లేదో చూడాలని మళ్ళీ పరీక్ష చేయించమని పట్టుబట్టకండి. ఆరోగ్యవంతులైన తరువాత కూడా అది వారాల తరబడి పాజిటివ్‌గానే ఉండవచ్చును.